తేర్చిన నీళ్ళు

మట్టిని తూచడం నా ఉద్యోగం. ఈ మాట చెప్పగానే ఎదుటివాడి మొహంలో ఒక చిన్న నవ్వు కదులుతుంది. ఆ నవ్వు కోసమే ఎదురుచూసేవాణ్ణి. అది కనపడగానే ఆ మనిషి మీద నా తీర్పు పూర్తయ్యేది. ఇక అతనితో మాట్లాడే పని ఉండేది కాదు.

అది 1974. పటాన్‌చెరు చుట్టూ జొన్నచేలల్లో సున్నపు గీతలు పడుతున్నాయి. ఫలానా చోట మందుల ఫ్యాక్టరీ, ఫలానా చోట ఇనుప ఫ్యాక్టరీ అని బోర్డులు వచ్చాయి గాని ఫ్యాక్టరీలు ఇంకా రాలేదు. వాటికి నీళ్ళు మంజీరా నుంచి తేవాలి. సంగారెడ్డికి ఎనిమిది మైళ్ళ దూరంలో గుండ్లరేవు దగ్గర ఏరు కొడవలిలా వంగుతుంది. ఆ వంపులో ఎండాకాలం కూడా ఎండని మడుగు ఉంది. దాని ఒడ్డున పెద్ద బావి కట్టి పంపులు పెట్టాలని పై అధికారుల ఆలోచన.

ఆ మడుగు అక్కడే ఉంటుందా అన్నది ప్రశ్న. మైదానంలో పారే ఏరు తాను తెచ్చిన మట్టి మీదే పారుతుంది. వరదలో మోసుకొచ్చిన ఇసుకను, ఒండ్రును, వేగం తగ్గిన చోట దించుతుంది. ఆ దించిన కుప్పే అడ్డమై దాన్ని పక్కకు నెడుతుంది. ఎక్కువ మోసే ఏరు ఎక్కువగా దారి మారుస్తుంది. తక్కువ మోసేది ఉన్న చోటే ఉంటుంది. కనుక బావి కట్టే ముందు మంజీరా ఎంత మట్టి మోస్తుందో తెలియాలి. అది తేల్చవలసినవాణ్ణి నేను, సుందర్‌రాజును. మెదక్ మిషన్ బడిలో చదివి, పై చదువుకు హైదరాబాదు వెళ్ళి, ఎవరితోనూ కలవకుండా డిగ్రీ పూర్తి చేసినవాణ్ణి.

పటాన్‌చెరులో రేకుల షెడ్డు నా ప్రయోగశాల. ఒక గదిలో గాజు పెట్టెలో త్రాసు, ఇంకో గదిలో తడి ఆర్చే కరెంటు పొయ్యి. ఇస్నాపూర్‌లో కిరాయి గది. పక్క గదుల్లో ఫ్యాక్టరీల కోసం ముందే వచ్చి కూర్చున్న ఫిట్టర్లు పేకాడుతూ నన్ను పిలిచేవారు. పిలిచి పిలిచి మానేశారు. వాళ్ళు మానేసిన రోజు నాకు గెలిచినట్టు అనిపించింది.

రేవు దగ్గర సీసాల్లో నీళ్ళు పట్టడానికి బెస్త సోమయ్యను పెట్టారు. నా కంటే ఇరవై ఏళ్ళు పెద్ద. గుండ్రటి తట్టలాంటి పుట్టిలో ఏటి మధ్యకు వెళ్ళి, పొడవాటి ఇనుప కడ్డీకి సీసా తగిలించి, లోతుకు దించి ముంచాలి. వాటిని చెక్కపెట్టెలో సర్ది బస్సులో నా దగ్గరికి తేవాలి. నేను వడపోత కాగితంలో వడగట్టి, ఆర్చి, మిల్లీగ్రాములతో సహా తూస్తాను. పని ఎలా చెయ్యాలో ఇంగ్లీషులో టైపు చేసిన రెండు పేజీలు అతని చేతిలో పెట్టాను. అతను వాటిని కళ్ళకద్దుకుని రుమాలులో చుట్టుకున్నాడు. అతనికి చదవడం రాదు. ఆ సంగతి తెలిసే ఇచ్చాను.

మొదటి పెట్టె వచ్చినప్పుడు ఒక సీసా బిరడా ఊడి, ఎర్రటి బురద నా బల్ల మీదుగా పారి చొక్కా చేతిని తడిపింది.

"ఏందిది? ఈ బురద తెచ్చి నా బల్ల మీద పోస్తవా? ఇంకోపాలి గిట్ల తెస్తే ఊకోను," అన్నాను.

కోపం వస్తే నా నోట్లోంచి మెదక్ తెలుగు వచ్చేది. అందుకే నాకు కోపమంటే అసహ్యం.

"తప్పైంది సారు," అన్నాడు సోమయ్య. భుజం మీది తువ్వాలతో బల్ల తుడిచాడు. ఆ తువ్వాలను మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు. చూసి మొహం తిప్పుకున్నాను. ఆ పెట్టెలో మిగిలిన సీసాలు తూచకుండానే పారబోయించాను.

ఆ తర్వాత ఎప్పుడూ సీసా కారలేదు. రెండు వానాకాలాలు, వారానికి రెండు సార్లు, పెట్టె గుమ్మం దగ్గర దించి, "వస్త సారు," అని వెళ్ళేవాడు. ఆ రెండు మాటలకు మించి మేము మాట్లాడుకోలేదు. నెలకు రెండు సార్లు నేను రేవుకు వెళ్ళి పని తనిఖీ చెయ్యాలి. రిజిస్టరులో ఆ తేదీల పక్కన సంతకం పెట్టేవాణ్ణి, కాని వెళ్ళేవాణ్ణి కాదు. బురద, జనం, బీడీ కంపు. అక్కడ చూడవలసింది ఏమీ లేదని నా నమ్మకం. జనం ఏటిని కళ్ళతో చూస్తారు, నేను త్రాసుతో చూస్తాను అనుకునేవాణ్ణి.

త్రాసు చెప్పింది నాకు నచ్చింది. లీటరుకు తొంభై మిల్లీగ్రాములు. ఒకసారి తొంభై రెండు, ఒకసారి ఎనభై ఎనిమిది. వరదొచ్చినా, తగ్గినా అంతే. ఇంత నిలకడ ఏ ఏటికీ ఉండదని నాకు అనుమానం రావాలి. రాలేదు. నిలకడ నా పనితనం వల్ల వచ్చిందనుకున్నాను. మంజీరా ముసలిదైపోయిన ఏరు, మోసే ఓపిక లేదు, కాబట్టి ఆ వంపు యాభై ఏళ్ళు కదలదు అని అరవై పేజీల రిపోర్టు రాశాను. వడపోత కాగితాల మీద మిగిలే తెల్లటి మెత్తటి పదార్థం గురించి పేజీన్నర ప్రత్యేకంగా రాశాను.

సంగారెడ్డిలో మా ఇంజనీరు నరసింహమూర్తి. నశ్యం పీల్చి చివరి పేజీ మాత్రమే చదివే మనిషి. రిపోర్టు చివరి పేజీ చదివి, "భేష్. నాకు కావలసింది ఇదే," అన్నాడు. "హైదరాబాదు పరిశోధనాలయంలో ఒక ఖాళీ ఉంది. బావికి టెండరు కాగానే మీ పేరు రాస్తాను."

ఆ పరిశోధనాలయంలో మనుషులు తక్కువ, గాజు సామాను ఎక్కువ అని విన్నాను. జీవితంలో నేను ఏదైనా గట్టిగా కోరుకున్నానంటే అదొక్కటే.

1975 దసరా తర్వాత, బావి కట్టే చోట రాయి పాతించి రమ్మని కబురొచ్చింది. ఇక తప్పలేదు.

రెండు రోజుల కింద వాన పడింది. గుండ్లరేవు గట్టు ఎక్కి చూస్తే ఏరు ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా పోతోంది. అకాలపు వాన కదా, అనుకున్నాను. మనసు ఎంత చప్పున సాకు వెతుకుతుందో అప్పుడు గమనించాను. గమనించి కూడా ఆ సాకునే పట్టుకున్నాను.

వంపు మొదట్లో ఏరు ఇసుక దిబ్బ వదిలి ఉంది. దాని మీద పది, పన్నెండు మంది ఆడవాళ్ళు ఒక కట్టె పట్టుకుని తిరుగుతున్నారు. నాలుగడుగులు వేసి కట్టె దింపుతారు. పైకి లాగి, దానికి అంటింది చూస్తారు, వేళ్ళతో నలుపుతారు, ఏదో అరుస్తారు. వెనక ఉన్నావిడ అక్కడ తుమ్మకంప గుచ్చుతుంది.

"కర్బూజ తోటలకు పంచుకుంటున్నరు సారు," అన్నాడు నా వెంట వచ్చిన సోమయ్య. "ఏరు ఏడాదికో తీరుంటది. నిరుటి జాగ ఈయేడు ఉండదు. గందుకని ఎవ్వరికి సొంతం లేదు. కట్టె ఏస్తరు, చీట్లేస్తరు, పంచుకుంటరు."

దేశమంతా సర్వే రాళ్ళు పాతుకుంటుంటే వీళ్ళు కట్టెతో ఇసుక పొడుస్తున్నారు. ఆ నవ్వు నా మొహంలోకి వచ్చి ఉంటుంది. కట్టె పట్టుకున్నావిడ నన్ను తేరిపార చూసి దగ్గరికొచ్చింది.

"నా పెండ్లాం సారు, రాజవ్వ," అన్నాడు సోమయ్య.

"గీయననేనా తేటనీళ్ళ సారు?" అని అతన్ని అడిగింది, నా ముందే.

"ఊకోవే."

"ఎందుకూకుంట? రెండేండ్లసంది సూడాలనుకుంటున్న." రాజవ్వ గట్టు మీద నీడకు పెట్టిన కుండలోంచి చెంబు ముంచి ఇచ్చింది. "తాగు సారు. నీకు పంపే నీళ్ళే."

చెంబులో నీళ్ళు గాజులా ఉన్నాయి. పక్కన ఏరు ఎర్రగా పోతోంది.

"నాకు పంపే నీళ్ళా?"

"అవు మల్ల. గీనె గింజ ఒక్క తీరు రుద్దకపోతుండె. నేనే చెప్పిన, పెద్దోళ్ళు తాగేటియి, జెర మంచిగ రుద్దు అని." కొంగు ముడి విప్పి చింతగింజంత ఉన్న గింజ చూపించింది. చిల్లగింజ. కుండ లోపల నీటితో దాన్ని అరగదీసి కలిపితే బురద అంతా అడుక్కు దిగుతుంది. మా అమ్మ కూడా మెదక్‌లో అలాగే తేర్చేది.

సోమయ్య మెచ్చుకోలు కోసం నిలబడ్డట్టు నిలబడ్డాడు. "మొదటిదినం బురద తెస్తే మీరు కోపమైతిరి గద సారు. ఇంటికొచ్చి చెప్తే ఇది అన్నది, గింజ రుద్దితే ఏం బోయె అని. సందాల కుండల ముంచుకొచ్చి రుద్ది పెట్టుడు, పొద్దుగాల పైనపైన సీసాలల్ల పోసుడు. ఒక్కదినం తప్పలే. ఏసు తోడు అందునంటే మీ దేవుడు, నాకు మల్లన్న తోడు."

"కడ్డీ? ఇనుప కడ్డీ ఏమైంది?"

"గదా? దాని మీద వల ఆరేస్తున్నం సారు."

చెంబు తిరిగి ఇచ్చేశాను. తాగానో లేదో గుర్తు లేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, "బావి ఇక్కడే కడతారు. మడుగు దగ్గర," అన్నాను.

రాజవ్వ ఒక్క నవ్వు నవ్వింది. "గీ మడుగుకాడనా? గీ మడుగుకు ఇంక రెండేండ్లు, మూడేండ్లు. గా పైన మూతికాడ సూడు. నిరుడు కట్టె మోకాలంత దిగంగనె ఒండ్రు తగిలింది. ఈయేడు మనిషెత్తు దించిన, ఇసుకనే. మూతి పూడితే ఏరేం జేస్తది? నా మొగనిలెక్క నిలవడి సూస్తదా? గా జొన్నచేన్లకెంచి అడ్డం కోసుకపోతది. మీ బావిల కప్పలు సుత ఉండయి."

"నువ్వెట్లా చెప్తావు?"

"తోట పెట్టేటోళ్ళం. ఏరు ఎటు జరుగుతదో తెల్వకుంటె ఏం తినాలె?"

ఆమె చెప్పింది నాకు తెలిసిన శాస్త్రమే. వంపు మూతి పూడితే ఏరు మెడ దగ్గర అడ్డంగా తెగి వంపును వదిలేస్తుందని నేను పరీక్షలో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాను. కట్టె పట్టుకుని ఆమె ఒప్పు చెప్పడం నాకు మంట పుట్టించింది. రాయి పాతించలేదు. రెండు సీసాలు తీసుకుని, జీవితంలో మొదటిసారి పుట్టి ఎక్కి, కళ్ళు మూసుకుని ఏటిలో ముంచాను. ఒకటి ఉన్నదున్నట్టు. రెండోదాన్ని రాజవ్వ తేర్చి ఇచ్చింది.

మర్నాడు తూచాను. తేర్చినది తొంభై రెండు. తేర్చనిది తొమ్మిది వందల ఎనభై. నేను పేజీన్నర రాసిన తెల్లటి పదార్థం చిల్లగింజ గంధం.

రెండు రోజులు ఆ రెండు అంకెల ముందు కూర్చున్నాను. ఎవరికీ తెలియదు. బావి కడతారు, నేను హైదరాబాదు వెళ్తాను, మూడేళ్ళ తర్వాత ఏరు వదిలిపోతే ప్రకృతి అంటారు. ఫ్యాక్టరీలకు నీళ్ళు రాకపోతే నాకు బాధ లేదు. ఊళ్ళకు నష్టం జరుగుతుందని గుండె తరుక్కుపోలేదు. అలా తరుక్కుపోయేవాళ్ళను నేను ఎప్పుడూ నమ్మలేదు. తప్పు అంకె కింద నా పేరు ఉండటం మాత్రం భరించలేకపోయాను. గోరు కింద ముల్లులా అది నొప్పి పెట్టింది.

ఆ ముల్లు తీసే దారి కూడా దొరికింది. 'పుట్టి మనిషి అజ్ఞానం వల్ల నమూనాలు చెడినవి. నా పరీక్షలో ఇది బయటపడినది' అని రాశాను. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. తప్పు పట్టుకున్నవాణ్ణి నేనే అవుతాను. హైదరాబాదు కూడా పోదు. పైగా అతని అజ్ఞానం నిజమే కదా. అంత శుభ్రమైన వాక్యం రాసినందుకు కొంచెం సంతోషపడ్డాను కూడా.

నరసింహమూర్తి ఈసారి కాగితం మొదటినుంచి చదివాడు. నశ్యం డబ్బీ మూత పెట్టడం మరిచిపోయాడు.

"వచ్చే వారం టెండరు తెరవాలి. ఏమిటిది సుందర్‌రాజుగారూ? గింజలేమిటి?"

"చిల్లగింజలండీ. పల్లెటూళ్ళలో వాడతారు."

సోమయ్యను పిలిపించాడు. మధ్యాహ్నానికి వచ్చాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి, తువ్వాల చేతిలోకి తీసుకుని లోపలికొచ్చాడు.

"ఏమయ్యా, నువ్వేనా గవర్నమెంటు సీసాల్లో గింజలు కలిపింది?"

సోమయ్య నా వైపు చూశాడు. బల్ల మీది కాగితం వైపు చూశాడు. చదవడం రాని మనిషి దాన్ని పూర్తిగా చదివేశాడని నాకు అర్థమైంది.

"నేనే పెద్దసారు."

"ఎవరు చెప్పారు కలపమని?"

"ఎవ్వరు చెప్పలే. నా అంతల నేనే."

"ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"పోనీ సారు. పుట్టి ఉన్నది, వల ఉన్నది. ఏటిల చాప ఉన్నది. నాకేమైతది?" గొంతు తగ్గించి, ఇంట్లో జబ్బుపడినవాడి గురించి చెప్పినట్టు అన్నాడు. "గీ సారునేమనకుండ్రి. ఆయన గదిలకెంచి ఎల్లడు. ఏరు ఎర్కలేదు, మనుషులు ఎర్కలేదు. చిన్నోడు. ఈ పని వోతే ఆయనకేమున్నది సారు, గా తరాజు తప్ప?"

అతను నన్ను తిట్టి ఉంటే ఊరుకునేవాణ్ణి. అబద్ధమాడి తప్పించుకోబోయినా ఊరుకునేవాణ్ణి. అతని కళ్ళలో నా మీద జాలి ఉంది. తువ్వాలతో నా బల్ల తుడిచిన రోజు కూడా అదే ఉందేమో. రెండేళ్ళుగా ఈ మనిషి నన్ను పై నుంచి చూస్తున్నాడు, నాకు తెలియలేదు.

"అతనికి నేను చెప్పలేదు," అన్నాను.

"ఏం చెప్పలేదు?" అన్నాడు నరసింహమూర్తి.

"సీసాలు ఎందుకో. రెండేళ్ళలో ఒక్కసారీ చెప్పలేదు. రూల్సు ఇంగ్లీషులో ఇచ్చాను. చదవలేడని తెలిసే ఇచ్చాను. బురద తేవద్దని తిట్టింది నేనే."

"తనిఖీకి వెళ్ళినప్పుడు చూడలేదా?"

"వెళ్ళలేదు."

"రిజిస్టరులో సంతకాలున్నాయే."

"సంతకాలు ఇక్కడ కూర్చుని పెట్టాను."

నరసింహమూర్తి నశ్యం డబ్బీ మూసి, నన్ను ఎగాదిగా చూశాడు. మీరు అనడం అక్కడితో మానేశాడు.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావు? అతను ఒప్పుకున్నాడు కదా?"

నిజాయితీ అనుకుంటాడేమోనని భయం వేసింది. ఆ పొరపాటు చేసేంత అమాయకుడు కాదు ఆయన. నా మొహం చూసి పెదవి విరిచి, కాగితం నా ముందుకు తోశాడు.

"టెండరు ఆపుతాను. పైవాళ్ళ దగ్గర నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తర్వాత చూసుకుంటాను. హైదరాబాదు సంగతి మరిచిపో. వచ్చే వానాకాలం మళ్ళీ మొదటినుంచి. ఈసారి కాపురం రేవులోనే. ఇప్పుడు నేను చెప్పేది కాగితం మీద రాయి. కొన్ని నమూనాలు, పరిశీలకుని నిర్లక్ష్యం వల్ల, సరిగా లేనందున..."

కొన్ని కాదు. రెండు వానాకాలాలకు కలిపి నాలుగు వందల పన్నెండు. ఆయన చెప్పింది వదిలేసి, 'నాలుగు వందల పన్నెండు నమూనాలూ' అని రాసి, కింద సంతకం పెట్టాను. ఆయన చూసి, "నీ ఖర్మ," అన్నాడు.

సోమయ్య వరండా మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏం రాసినవు సారు?"

నీకు చెప్పినా అర్థం కాదు అన్న మాట నాలుక మీదికి వచ్చేసింది. ఎంత అలవాటైన మాటో, రావడం కూడా తెలియలేదు. దాన్ని మింగి, చెప్పడం మొదలుపెట్టాను. సీసాలు ఎందుకు, త్రాసు ఎందుకు, ఏరు ఎంత మట్టి మోస్తే వంపు ఎంత కదులుతుంది, బావి ఎక్కడ కట్టాలి. సరిగా చెప్పలేకపోయాను. మధ్యమధ్య ఇంగ్లీషు మాటలు వచ్చాయి, వాటికి తెలుగు వెతుక్కున్నాను. మెదక్ తెలుగు కూడా వచ్చింది. ఆపలేదు.

అతను ఓపిగ్గా విన్నాడు. వింటున్నకొద్దీ అతని మొహం మారింది. ఇన్నాళ్ళూ ఆ చెక్కపెట్టె మోస్తూ అతను ఏమనుకున్నాడో అప్పుడు తెలిసింది. ఎక్కడో పెద్దవాళ్ళు తాగే నీళ్ళు తన చేతి మీదుగా పోతున్నాయనుకున్నాడు.

"గింతేనా?" అన్నాడు.

"అంతే."

"ఏరు ఎంత మన్ను తెస్తదో, ఎటు జరుగుతదో... గిందుకా? రాజవ్వనడిగితే గడియల చెప్పకపోవునా? గిందుకోసం నాతోని రెండేండ్లు బస్సుల పెట్టె మోపిచ్చినవా?"

నా ముందు ఎప్పుడూ కూర్చోని మనిషి మెట్టు మీద కూర్చున్నాడు. రుమాలు విప్పి బీడీ తీశాడు. దానితోపాటు మడతలు పడి మెత్తబడిన నా రెండు పేజీలు బయటికొచ్చాయి. వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఒకదాని కొస చింపి చుట్టి, అగ్గిపుల్ల గీసి దాన్ని అంటించి, ఆ మంటతో బీడీ ముట్టించాడు.

"వచ్చేయేడు సీసాలు నువ్వే ముంచుకో," అన్నాడు పొగ వదులుతూ. "పుట్టి నేను నడుపుత. బూట్లతోని ఎక్కితె ఎక్కనియ్య."